దుబాయ్ స్కూల్లో లెక్కల టీచర్ ఉద్యోగం వచ్చేలా ఉంది, వెళ్లమంటారా?

ఖమ్మం లెక్కల టీచర్:

అందరికీ నమస్కారం. నాది ఖమ్మం. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. ఇక్కడ ఒక కార్పొరేట్ స్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెబుతున్నాను. దుబాయ్‌లో ఒక ప్రైవేట్ ఇంటర్నేషనల్ స్కూల్ నుంచి పిలుపు వచ్చింది. సీబీఎస్‌ఈ సిలబస్. ఆన్‌లైన్‌లో ఒక రౌండ్ ఇంటర్వ్యూ అయింది, వచ్చే వారం డెమో క్లాసు ఉంది. జీతం నెలకు 4,500 దిర్హాములు అన్నారు. రూపాయల్లో చూసుకుంటే లక్ష దాటుతోంది, ఇక్కడ నాకొచ్చేదానికి మూడు రెట్లు.

ఈ అవకాశం ఒక ఏజెంటు ద్వారా వచ్చింది. వీసాకి, టికెట్‌కి, 'ప్రాసెసింగ్'కి కలిపి లక్షన్నర కట్టమంటున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్లి డ్యూటీలో చేరిపోతే, అక్కడికెళ్లాక మార్చుకోవచ్చని చెబుతున్నాడు. మావారు ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తారు. బాబు రెండో తరగతి. అత్తగారు వద్దని గట్టిగా అనడం లేదు గానీ ఇష్టంగా కూడా లేరు.

డబ్బు సంగతి ఒకటైతే, నాకు అంతకన్నా టెన్షన్‌గా ఉన్నది క్లాసు గురించి. మా సెక్షన్లో నలభై అయిదు మంది. బోర్డు నిండా లెక్కలు చేయడం, వారం వారం టెస్టు పెట్టడం, మార్కులు ర్యాంకులు వేయడం, నాకు తెలిసింది ఇదే. ఇంగ్లీషు రాయగలను, పాఠం చెప్పగలను, గడగడా మాట్లాడమంటే మాత్రం కాస్త ఆగుతాను. అక్కడ నిజంగా పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడి టీచరు బతుకు ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి.

తెనాలి ఫిజిక్స్:

చెల్లెమ్మా, ముందు ఆ ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా కట్టకు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నేను తెనాలి అమ్మాయిని. విజయవాడలో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పి, తర్వాత యూఏఈ వచ్చాను. మొదట షార్జాలో, ఇప్పుడు దుబాయ్‌లో. దశాబ్దం దాటింది. కాబట్టి నువ్వు వస్తున్న చోటూ తెలుసు, నువ్వు వెళ్లబోయే చోటూ తెలుసు.

యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగిని తెచ్చుకునే ఖర్చు యజమానే పెట్టుకోవాలి. ఆ ఖర్చును నేరుగా గానీ, మరొకరి చేత గానీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. మన వైపు చూసినా, విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటు మన విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. అలాంటివాడు తీసుకోదగిన సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఉంటుంది, అతని లైసెన్సు నంబరు అడిగి అందులో వెతుకు. లక్షన్నర అడిగాడంటే నంబరు అడగగానే మాట మారుస్తాడు చూడు.

విజిట్ వీసా మీద వచ్చి డ్యూటీలో చేరమనడం ఇంకా ప్రమాదం. వర్క్ పర్మిట్ లేకుండా క్లాసులో నిలబడటం చట్టవిరుద్ధం. పైగా దుబాయ్‌లో ప్రైవేట్ స్కూల్ టీచర్ నియామకానికి కేహెచ్‌డీఏ అనుమతి కావాలి. అక్కడి ప్రైవేట్ స్కూళ్లన్నిటినీ చూసుకునే ప్రభుత్వ సంస్థ అది. షార్జాలో ఆ పని స్పియా చేస్తుంది, అబుధాబిలో అడెక్. నిజమైన స్కూలైతే నీకు మానవ వనరుల శాఖ ఫార్మాట్‌లో ఆఫర్ లెటర్ పంపుతుంది. మొహ్రే అంటారు ఆ శాఖని. ఆ ఆఫర్ లెటర్ మీద నువ్వు సంతకం పెట్టిన తర్వాతే వీసా పని మొదలవుతుంది.

ఆ ఆఫర్ లెటర్లో నువ్వు మొదట చూడాల్సింది 4,500 కాదు, అందులో బేసిక్ ఎంత అన్నది. మన వాళ్లు ఎవరూ ముందు ఇది అడగరు. ఇక్కడ పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. వెళ్లిపోయేటప్పుడు చేతికొచ్చేది గ్రాట్యుటీ ఒక్కటే, దాన్ని బేసిక్ మీదే లెక్కగడతారు. కనీసం ఏడాది చేసి ఉండాలి. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్. బేసిక్ 3,000 ఉంటే ఏడాదికి 2,100 దిర్హాములు జమవుతున్నట్టు. అదే 4,500 లో బేసిక్ 2,000 అని రాసి మిగతాదంతా అలవెన్సులుగా చూపిస్తే ఏడాదికి 1,400. లెక్కల టీచరువి, అయిదేళ్లకు తేడా ఎంతో నీకు చెప్పక్కర్లేదు.

తర్వాత ఇల్లు. స్కూలు అకామడేషన్ ఇస్తుందా, ఇస్తే ఒక్కదానికే గదా, ఇద్దరు ముగ్గురితో షేరింగా? ఇవ్వకపోతే ఆ 4,500 లోనే అద్దె. ఒక్కదానివే ఉంటే షేరింగ్‌లో సర్దుకుని నెలకు కొంత ఇంటికి పంపగలవు. కుటుంబంతో ఉంటే ఆ జీతం ఒక్కదానితో దుబాయ్‌లో నడవదు. గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. ఇక్కడ ఇంటి అద్దె ఏడాదికి మాట్లాడుకుని ముందుగానే చెక్కులు రాసివ్వాలి, మన దగ్గరలా నెల నెలా కాదు. అందుకే మన వాళ్లు చాలామంది షార్జాలో ఇల్లు తీసుకుని దుబాయ్‌లో పనిచేస్తారు. పొద్దున ట్రాఫిక్‌లో ఆ ప్రయాణం ప్రాణం తీస్తుంది. నేను షార్జా అల్ నహ్దాలో ఉన్నప్పుడు స్కూల్ బస్సు అందుకోవాలంటే తెల్లవారకముందే కింద నిలబడాల్సి వచ్చేది.

వీసా వరకు పెద్ద అడ్డు ఉండకపోవచ్చు. నెలకు 4,000 దిర్హాములు ఉంటే, లేదా 3,000 ప్లస్ వసతి ఉంటే, కుటుంబాన్ని స్పాన్సర్ చేయొచ్చన్నది మామూలు నియమం. ఆడవాళ్లు భర్తని స్పాన్సర్ చేయడానికి షరతులు వేరుగా ఉండొచ్చు, ముందే కనుక్కో. కానీ మీవారికి ఇక్కడ పని దొరికేదాకా ఆగి, ఆ తర్వాతే బాబుని తీసుకురావడం మంచిదని నా అభిప్రాయం. స్కూల్లో పనిచేసేవాళ్ల పిల్లలకు ఫీజులో ఎంత తగ్గిస్తారో కూడా అడుగు. కొన్ని స్కూళ్లు సగం తగ్గిస్తాయి, కొన్ని అసలేమీ ఇవ్వవు. నోటిమాట నమ్మొద్దు, కాగితం మీద ఉండాలి.

సర్టిఫికెట్ల పని ఇప్పుడే మొదలుపెట్టు. డిగ్రీ, పీజీ, బీఈడీ మూడింటినీ రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీ విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ వరసగా ధ్రువీకరించాలి. ఇక్కడికి వచ్చాక యూఏఈ విదేశాంగ శాఖ ముద్ర. బీఈడీ రెగ్యులర్‌గా చేశావా, దూరవిద్యలోనా అని యూనివర్సిటీ నుంచి లేఖ అడుగుతారు. పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా కావాలి.

ఇక క్లాసు. నువ్వు అసలు అడిగింది ఇదే కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను.

సబ్జెక్టులో నిన్ను ఎవరూ కొట్టలేరు. మన కార్పొరేట్ స్కూళ్లలో పనిచేసినవాళ్లకి ఆ పట్టు ఉంటుంది, ఇక్కడి ప్రిన్సిపాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు. మారాల్సింది పాఠం చెప్పే పద్ధతి. దుబాయ్‌లో కేహెచ్‌డీఏ తరఫున ఇన్‌స్పెక్టర్లు వచ్చి స్కూలుకి రేటింగ్ ఇస్తారు. ఔట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా ఆరు మెట్లు. ఫీజు పెంచుకునే అనుమతిని ఏళ్ల తరబడి ఆ రేటింగ్‌కే ముడిపెట్టారు. అందుకే యాజమాన్యాలకి అదంటే అంత భయం. 2024-25 నుంచి మామూలు స్కూళ్లలో పూర్తిస్థాయి తనిఖీలు ఆపారు గానీ, ఆ అలవాట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ ఇన్‌స్పెక్టర్లు బోర్డు వైపు పెద్దగా చూడరు. ఒకసారి నా ఎనిమిదో తరగతి క్లాసులోకి ఒకావిడ వచ్చి, చివరి వరసలో ఒక మలయాళీ అమ్మాయి పక్కన కూర్చుంది. ఘర్షణ పాఠం. స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో చెక్క దిమ్మను గాజు పలక మీద, గరుకు కాగితం మీద లాగి రీడింగ్‌లు తీస్తున్నారు. ఆవిడ నన్నేమీ అడగలేదు. పిల్లనే అడిగింది: 'ఇవాళ ఏం నేర్చుకుంటున్నావు? పోయిన వారం కన్నా మెరుగయ్యావని నీకెలా తెలుసు?' ఆ అమ్మాయి నోట్‌బుక్ వెనక్కి తిప్పి, దిమ్మ కదలకముందు తీసిన రీడింగ్, కదిలాక తీసిన రీడింగ్ కలిపేసిందని నేను రాసిన వ్యాఖ్య చూపించింది. కింద తను మళ్లీ తీసిన రీడింగ్‌లు రెండు వరసల్లో విడివిడిగా ఉన్నాయి. ఆవిడ వాటిని చదివి, తలూపి, ఇంకో పిల్లాడి దగ్గరికి వెళ్లింది. ఆ రోజు నా పాఠానికి రేటింగ్ తెచ్చిపెట్టింది ఆ పేజీయే అనుకుంటాను.

కాబట్టి నోట్‌బుక్‌లు దిద్దడం అంటే టిక్కులు పెట్టడం కాదు. ఎక్కడ తప్పిందో రాయాలి, పిల్లలు దానికి జవాబుగా సరిచేయాలి, నువ్వు మళ్లీ చూడాలి. మా సెక్షన్లలో 28 మంది ఉంటారు. అయిదు సెక్షన్లు. సాయంత్రాలన్నీ వీటికే పోతాయి. దీనికి తోడు లెసన్ ప్లాన్లు, ప్రతి పిల్లవాడి ప్రగతి డేటా, ఒకే లెక్కను మూడు స్థాయిల్లో వర్క్‌షీట్లుగా చేయడం. పాఠం సగం పని, పాఠం చెప్పినట్టు ఆధారాలు సిద్ధం చేయడం మిగతా సగం. ఈ రెండో సగం చాలామందిని విసిగించి వెనక్కి పంపిస్తుంది. అందులో అక్కర్లేనిది చాలానే ఉంది, ఆ మాట స్టాఫ్ మీటింగ్‌లోనే అంటూ ఉంటాను. పిల్లల నోట్‌బుక్‌లో రాసే వ్యాఖ్య మాత్రం అక్కరకొచ్చేదే. అది మన స్కూళ్లలోనూ ఉండాల్సింది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అందరితో కలిసి నీ క్లాసులోనే ఉంటారు. స్టూడెంట్స్ ఆఫ్ డిటర్మినేషన్ అంటారు వాళ్లని. నాకు ఏడో తరగతిలో ఆటిజం ఉన్న బాబు వచ్చాడు. బెల్లు మోగితే చెవులు మూసుకునేవాడు, గ్రూపులో కూర్చునేవాడు కాదు. లోలకం ప్రయోగం రోజున అతని చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చాను. ఇరవై డోలనాలకు పట్టిన కాలం కొలవాలి. మిగతా గ్రూపుల వాళ్లు పదిహేను దగ్గరే మాటల్లో పడి లెక్క తప్పుతున్నారు. ఇతను మాత్రం కళ్లు ఆ గుండు మీద నుంచి తిప్పలేదు. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ సెకనులో చిన్న భాగమే తేడా. గంట గడిచేసరికి పక్క గ్రూపులవాళ్లు వచ్చి మా టైమ్ కూడా నువ్వే చూడు అని అతన్ని పిలుచుకుపోయారు. వాళ్లమ్మ ఆ సాయంత్రం ఫోన్ చేసి, ఇవాళ స్కూల్లో ఏమైంది, వీడు ఇంట్లో గోడ గడియారం కింద తాడు కట్టి ఊపుతున్నాడు అని అడిగింది. విజయవాడలో నా క్లాసులో ఇలాంటి పిల్లాడు ఒక్కడు కూడా లేడు. అడ్మిషన్ టెస్టు దగ్గరే ఆపేసేవాళ్లు.

పిల్లల మీద చెయ్యి ఎత్తడం, మార్కులు చదివి నిలబెట్టడం, తిట్టడం, ఇవేవీ ఇక్కడ కుదరవు. ఫిర్యాదు వస్తే ఉద్యోగం పోతుంది. అలవాటు లేనివాళ్లకి మొదటి నెలల్లో గొంతు కట్టేసినట్టు ఉంటుంది. తర్వాత మాత్రం క్లాసు నడపడానికి అరుపు అక్కర్లేదని నీకే అర్థమవుతుంది.

ఇంగ్లీషు గురించి దిగులు పడకు. మా స్టాఫ్ రూమ్‌లో కేరళ, తమిళనాడు, పంజాబ్, లెబనాన్, ఈజిప్ట్ వాళ్లున్నారు, ఎవరి యాస వాళ్లదే. మెల్లగా, స్పష్టంగా మాట్లాడితే చాలు.

భర్త వీసా మీద, షార్జా:

పై అక్క చెప్పినవన్నీ నిజమే. నేను ఇంకో సంగతి కలుపుతాను. ఇక్కడ ఇండియన్ స్కూళ్లలో పనిచేసే ఆడవాళ్లలో చాలామంది నాలాగా భర్త వీసా మీద ఉన్నవాళ్లే. మాకు వీసా ఖర్చు, ఇల్లు, టికెట్ ఇవ్వక్కర్లేదు కాబట్టి స్కూళ్లు తక్కువ జీతానికి తీసుకుంటాయి. వర్క్ పర్మిట్ మాత్రం మాకూ తప్పనిసరి. కాబట్టి నీకు ఎవరైనా ఇక్కడున్న టీచర్ జీతం చెబితే, ఆమె ఎవరి వీసా మీద ఉందో కనుక్కుని పోల్చుకో.

షార్జాలో 2022 జనవరి నుంచి వారానికి నాలుగు రోజులే స్కూలు. శుక్ర, శని, ఆది సెలవు. దుబాయ్‌లో శుక్రవారం ప్రార్థన వేళకు ముందే వదిలేస్తారు, శని ఆది సెలవు. నాలుగు రోజులే కదా అని సంబరపడొద్దు, ఆ నాలుగు రోజులూ పొడుగ్గానే ఉంటాయి. కానీ మూడు రోజుల సెలవు చేతికొస్తే ఆ సుఖం వేరు. నా చిన్నదానికి తెలుగు అక్షరాలు దిద్దించింది ఆ శుక్రవారాల్లోనే. స్కూల్లో హిందీ, అరబిక్ ఉన్నాయి, తెలుగు లేదు.

హనుమకొండ మాస్టారు:

అమ్మా, నేను అయిదేళ్లు చేసి తిరిగొచ్చేసినవాణ్ణి. లెక్కలే. డబ్బు కోసం వెళ్లాను, ఇల్లు కట్టుకున్నాను, వచ్చాను. ఒక జాగ్రత్త చెప్పాలి. మా మొదటి స్కూల్లో చేరిన రోజే 'ఆఫీసులో భద్రంగా ఉంటుంది' అని అందరి పాస్‌పోర్టులు తీసుకున్నారు. అది అక్కడి చట్టానికి విరుద్ధం. మా నాన్నగారికి ఒంట్లో బాగాలేదని ఊరికి రావాల్సి వస్తే, ఆ పాస్‌పోర్ట్ చేతికి రావడానికి ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. వీసా పనికి ఇచ్చినా, పని అవగానే తిరిగి తీసుకో. మొహమాటపడొద్దు.

ఇంకొకటి, ట్యూషన్లు. లెక్కల టీచర్ అనగానే పక్క ఫ్లాట్ వాళ్లు అడుగుతారు. అనుమతి లేకుండా చెబితే జరిమానా. 2023 డిసెంబరులో ప్రైవేట్ ట్యూషన్లకి వర్క్ పర్మిట్ తెచ్చారు. రెండేళ్లకు ఇస్తారు, ఫీజు లేదు, స్కూల్లో పనిచేసే టీచర్లు కూడా పెట్టుకోవచ్చు. నేను ఉన్నప్పుడు ఇది లేదు.

వేసవిలో జూలై, ఆగస్టు సెలవులు. సీబీఎస్‌ఈ వాళ్లకి కొత్త తరగతి ఏప్రిల్‌లోనే మొదలవుతుంది కాబట్టి మొదటి టర్మ్ మధ్యలోనే సెలవులొస్తాయి. అందరూ ఒకేసారి ఊరికి బయలుదేరతారు, టికెట్ల ధరలు చుక్కల్లో ఉంటాయి. స్కూలు ఏడాదికోసారి టికెట్ ఇస్తుందా, రెండేళ్లకోసారా అన్నది చూసుకో.

ఖమ్మం లెక్కల టీచర్:

అక్కా, మాస్టారూ, అందరికీ చాలా చాలా థాంక్స్. ఏజెంటుని లైసెన్స్ నంబరు అడిగాను. 'మేడమ్, నమ్మకం ఉంటే రండి, లేకపోతే వేరేవాళ్లున్నారు' అన్నాడు. స్కూల్ వెబ్‌సైట్లో ఉన్న మెయిల్‌కి నేనే నేరుగా రాశాను. వాళ్లు డెమో తేదీ ఖరారు చేస్తూ జవాబిచ్చారు, ఏజెంటు ఫీజు గురించి తమకేమీ తెలియదన్నారు. ఆ స్కూలు కేహెచ్‌డీఏ రిపోర్ట్ కూడా దొరికింది. రేటింగ్ గుడ్ అని ఉంది. మావారు రిపోర్టంతా ఫోన్లో ట్రాన్స్‌లేట్ చేసుకుని మరీ చదివారు.

డెమోకి ఆరో తరగతి, భిన్నాల కూడిక ఇచ్చారు. ఇరవై నిమిషాలు. ఆన్‌లైన్‌లో ముగ్గురు పెద్దవాళ్లే ఉంటారట, పిల్లలు ఉండరు. ఎలా చేయమంటారు? ఇంకో మాట, చేరాక నచ్చకపోతే బయటపడగలనా?

తెనాలి ఫిజిక్స్:

స్కూల్‌కి నేరుగా రాసి మంచి పని చేశావు. గుడ్ అంటే ఫర్వాలేదు. రిపోర్ట్‌లో టీచర్లు ఎంత త్వరగా మారిపోతున్నారో అంకె ఉంటుంది, అది చూడు. నలుగురిలో ఒకరికి మించి ఏటా వెళ్లిపోతుంటే, ఎందుకని ఇంటర్వ్యూలో మర్యాదగా అడుగు. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

బయటపడటం గురించి. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ లోపల దేశం వదిలి వచ్చేయాలంటే పద్నాలుగు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, అక్కడే వేరే సంస్థకి మారాలంటే నెల ముందు. ప్రొబేషన్ తర్వాత నోటీసు 30 నుంచి 90 రోజుల మధ్య ఎంతో కాంట్రాక్టులో రాసి ఉంటుంది. చెప్పకుండా మాత్రం వచ్చేయకు, మళ్లీ ఆ దేశంలో పని దొరకడం కష్టమవుతుంది.

డెమోకి, ఆ ముగ్గురినీ పిల్లలే అనుకో. నేరుగా కసాగు తీసి చూపించకు. సగం రొట్టె, మూడో వంతు రొట్టె కలిపితే ఎంతవుతుందో ముందు ఊహించమని అడుగు. ఎవరో ఒకరు అయిదింట రెండు అంటారు. మన పిల్లలు పైవి పైవి, కిందవి కిందవి కలిపేస్తారు కదా, వాళ్లకీ ఆ సంగతి తెలుసు, కావాలనే అంటారు. తప్పు అని కొట్టేయకుండా, అయిదింట రెండు సగం కన్నా ఎక్కువా తక్కువా అని అడుగు. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేంటి అన్న దగ్గర ఆపి, వాళ్ల చేతే కాగితం మడతపెట్టించు. సగానికి ఒక మడత, దానికి అడ్డంగా మూడు భాగాలుగా ఇంకో మడత. విప్పితే ఆరు గళ్లు. సగం అంటే మూడు గళ్లు, మూడో వంతు అంటే రెండు గళ్లు, కలిపితే ఆరింట అయిదు. హారం ఆరు ఎందుకయిందో వాళ్ల నోటితోనే చెప్పించు. బోర్డు మీద రాయడం ఆ తర్వాతే. చివర్లో మూడు ప్రశ్నలు పెట్టు, ఒకటి తేలిక, ఒకటి మధ్యరకం, ఒకటి బాగా చేసేవాళ్లకి. ఆ మూడు స్థాయిలు కనిపిస్తేనే వాళ్లు ఏదో రాసుకుంటారు.

కాగితాలు ముందే రెండు మూడు మడతపెట్టి ప్రాక్టీస్ చెయ్యి. కెమెరా కాగితం వైపు వంచి పెట్టుకో. మీ బాబు ఉన్నాడుగా, వాడి ముందు ఒకసారి చెప్పి చూడు. ఆఫర్ లెటర్ వచ్చాక పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టు, బేసిక్ దగ్గర నుంచి నోటీసు దాకా వరసగా చూద్దాం.